ఎగుమతి ఆపినా, వదిలినా మా నాన్న వడ్ల రేటు ఎందుకు కదల్లేదు?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు దాన్ని కుదించి రాస్తాను. 2023 జులైలో డాలస్‌లో సోనా మసూరి బస్తా కోసం లైన్లో నిలబడి, మామూలు రేటుకి దాదాపు రెట్టింపు పెట్టి కొన్నారు. ఆ నవంబర్‌లో సూర్యాపేట దగ్గర మీ నాన్నగారు వడ్లు అమ్మితే మద్దతు ధర మీద రూపాయి ఎక్కువ రాలేదు. మరి మధ్యలో ఆ డబ్బు ఎవరు తిన్నారు, ఎగుమతి నిషేధం వల్ల రైతుకి నష్టమా లాభమా, ఇప్పుడు నిషేధం లేదు కదా సన్నాలు వేయమని చెప్పనా, ఇవీ మీరు అడిగినవి.

నేను గోదావరి జిల్లాలో మిల్లు లెక్కలతో మొదలుపెట్టి, తర్వాత కాకినాడలో బియ్యం ఎగుమతి చేసేవాళ్ల దగ్గర డాక్యుమెంట్లు, క్వాలిటీ చూసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. కాబట్టి నేను చెప్పేది మిల్లు వైపు నుంచి, పోర్టు వైపు నుంచి చూసిన సంగతి. రైతు సంఘాల వాళ్లు ఇంకో రకంగా చెప్తారు, అదీ వినండి.

మొదట ఒకటి తేల్చేద్దాం. మీరు డాలస్‌లో కొన్న బస్తాకీ, మీ నాన్నగారు అమ్మిన వడ్లకీ దాదాపు సంబంధం లేదు. మీరు తినేది సన్నాలు. బీపీటీ 5204, జేఎస్‌ఆర్, కర్నూలు సోనా లాంటివి, ఏడాది పాత బియ్యం, మంచి పాలిష్, చిన్న బ్యాగుల్లో ప్యాకింగ్, కంటైనర్‌లో ప్రయాణం. ఆ కంటైనర్ ఇక్కడ నుంచి మీ దగ్గరికి రావడానికి నెల దాటుతుంది, ఒక్కోసారి రెండు నెలలు. అంటే జులై 20న మీ షాపులో ఉన్న బస్తా నిషేధానికి చాలా ముందే ఇక్కడ ప్యాక్ అయిపోయింది, అప్పటి రేటుకే కొన్నది. వెనకాల సముద్రంలో ఇంకా కంటైనర్లు వస్తూనే ఉన్నాయి. రాత్రికి రాత్రి రేటు పెరిగిందంటే అది నిషేధం ధర కాదు, భయం ధర. వాట్సాప్‌లో వీడియోలు చూసి ఒక్కో ఇంటివాళ్లు పది బస్తాలు ఎత్తుకెళ్తే ఏ షాపువాడైనా స్టిక్కర్ మారుస్తాడు. ఆ లాభం అక్కడి షాపుకీ, డిస్ట్రిబ్యూటర్‌కీ పోయింది, ఇక్కడికి పైసా రాలేదు.

మీ నాన్నగారు వేసింది ఎంటీయూ 1010 అని రాశారు. పేరు కాటన్‌దొర సన్నాలు అయినా మీ తెలంగాణలో దాన్ని దొడ్డు వడ్ల కిందే కడతారు. దాని గిరాకీ వేరే. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు సెంటర్, అక్కడి నుంచి మిల్లు, మిల్లు నుంచి సీఎంఆర్ (ప్రభుత్వం వడ్లిచ్చి ఆడించుకునే బియ్యం) కింద ఎఫ్‌సీఐకి, అంటే కేంద్ర ఆహార సంస్థకి, లేదా రాష్ట్ర సివిల్ సప్లైస్‌కి. ఆ గొలుసులో రేటు పెట్టేది మార్కెట్ కాదు, ఢిల్లీ. 2023-24కి సాధారణ రకం 2,183 రూపాయలు, ఏ గ్రేడ్ 2,203. బ్యాంకాక్‌లో టన్ను 600 డాలర్లు దాటినా మీ నాన్నగారికి 2,203 రూపాయలే, 350కి పడినా అంతే. పడినప్పుడు ఇది గొడుగు, పెరిగినప్పుడు ఇదే అడ్డం. ఆ వానాకాలంలో సన్నాలు వేసినవాళ్లకి మాత్రం బయట మద్దతు ధర కంటే ఎక్కువే వచ్చింది, నిషేధం ఉండగానే. మిర్యాలగూడ మిల్లుల ముందు పచ్చి (ఇంకా ఆరబెట్టని) వడ్ల ట్రాక్టర్లు టోకెన్ల కోసం బారులు తీరడం మీ నాన్నగారు కూడా చూసే ఉంటారు.

ఇక నిషేధం సంగతి. 2022 సెప్టెంబర్‌లోనే నూకల ఎగుమతి ఆపేసి, పచ్చి బియ్యం (వడ్లని ఉడకబెట్టకుండా ఆడించినవి) మీద 20 శాతం సుంకం వేశారు. అయినా సరుకు వెళ్తూనే ఉంది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి పూర్తిగా ఆపారు. ప్రభుత్వం చెప్పిన కారణం, ఏడాదిలో చిల్లర ధర 11.5 శాతం, ఒక్క నెలలో 3 శాతం పెరిగిందని. చెప్పని కారణాలు మీకూ తెలుసు. ఎల్ నినో భయం, వర్షాలు అటుఇటు కావడం, ముందు కొన్ని రాష్ట్రాల ఎన్నికలు, ఆ వెనకే 2024 లోక్‌సభ ఎన్నికలు. ఎన్నికల ముందు ఉల్లిపాయ, బియ్యం, పంచదార ఈ మూడింటి విషయంలో ఏ పార్టీ ప్రభుత్వమైనా ఒకేలా వణుకుతుంది, దీన్ని ఒక పార్టీకి అంటగట్టి లాభం లేదు.

ఆ సాయంత్రం డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర విభాగం) నోటిఫికేషన్ ఫోన్లలో తిరగడం మొదలయ్యాక కాకినాడలో అందరూ వెతికింది ఒకే పేరా, మినహాయింపుల పేరా. ఓడలో లోడింగ్ అప్పటికే మొదలై ఉంటే పంపొచ్చు. షిప్పింగ్ బిల్లు వేసి, ఓడ వచ్చి లంగరు వేసి, రొటేషన్ నంబర్ (పోర్టులో ఓడకి ఇచ్చే నంబర్) పడి ఉంటే పంపొచ్చు. సరుకు కస్టమ్స్‌కి అప్పజెప్పి ఉంటే పంపొచ్చు. మిగతాది ఎక్కడున్నది అక్కడే. కాకినాడ యాంకరేజ్ చూడనివాళ్లకి ఒక మాట: అక్కడ ఓడ ఒడ్డుకి రాదు, సముద్రంలో నిలబడుతుంది, 50 కిలోల సంచులు బార్జీల మీద వెళ్లి ఓడ ఎక్కుతాయి, చినుకు పడితే హాచ్ (ఓడ సరుకు గది మూత) మూసేసి అందరూ కూర్చోవాల్సిందే. జులై అంటే వానలు. రెండు రోజుల వాన వల్ల ఒకడి సరుకు లోడింగ్ మొదలైన లెక్కలోకి వచ్చింది, పక్కవాడిది గోడౌన్లోనే ఉండిపోయింది. కాంట్రాక్టు ఒకటే, రేటు ఒకటే, బ్యాంకు వడ్డీ ఒకటే. ఆ గోడౌన్ అద్దె, వడ్డీ, ఆఫ్రికాలో కొనేవాడు పంపే నోటీసులు, ఆ టెన్షన్ అంతా ఎవరో ఒకరు కట్టాలి కదా. నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది.

నిషేధం కంటే ఎక్కువ దెబ్బ తీసేది, అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం. ఒకసారి అలా చెయ్యి కాలిన ఎగుమతిదారు తర్వాతి సీజన్లో మిల్లర్‌కి రేటు చెప్పేటప్పుడు ముందే కొంత తగ్గించి చెప్తాడు. మిల్లర్ కమిషన్ ఏజెంటుకి ఇంకొంత తగ్గించి చెప్తాడు. ఏజెంటు కళ్లం దగ్గరికి వచ్చేసరికి "పైన ఏమవుద్దో తెలీదు బాబాయ్, ఇంతకే కొంటా" అంటాడు. వడ్ల బస్తా మీద ఓ ముప్పై, నలభై రూపాయలు ఏ కాగితం మీదా కనపడకుండా అలా పోతాయి. ఇది ఎవరూ వేసిన పన్ను కాదు, ఎవరి ఖాతాలోనూ జమ కాదు. నిషేధం ఎత్తేసిన తర్వాత కూడా రెండు మూడు సీజన్లు ఈ కోత ఉంటుంది, ఎందుకంటే మళ్లీ రాదని ఎవడూ గ్యారంటీ ఇవ్వలేడు. "నిషేధం తీసేశారు కదా, రేటు పెరగలేదేం" అంటే సగం జవాబు ఇదే. మిగతా సగం కింద చెప్తాను.

సుంకం లెక్క కూడా చూడండి. 2023 ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం (వడ్లని ఉడకబెట్టి, ఆరబెట్టి ఆడించినవి) మీద 20 శాతం ఎగుమతి సుంకం వేశారు. టన్ను 450 డాలర్లు అనుకుందాం, డాలర్ 83 రూపాయలు అనుకుందాం, కిలో 37 రూపాయల చిల్లర. దాంట్లో 20 శాతం అంటే ఏడున్నర. క్వింటా వడ్లకి 68 కిలోల ఉప్పుడు బియ్యం అనుకుంటే, క్వింటా వడ్ల మీద 500 రూపాయల దాకా సుంకం పడినట్టు. మద్దతు ధరే 2,203 ఉన్న చోట 500 అంటే చిన్న మాట కాదు. అయితే ఇదంతా రైతు మీదే పడింది అంటే అబద్ధం. దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. అంత పెద్ద దుకాణం షట్టర్ సగం దించితే బయట ధర లేచింది, కాబట్టి సుంకంలో కొంత బెనిన్‌లో, టోగోలో, ఐవరీకోస్ట్‌లో కొని తినేవాడు కట్టాడు, కొంత మిల్లర్ వదులుకున్నాడు, కొంత ఇక్కడ వడ్ల రేటులో తగ్గింది. ఎవరి వాటా ఎంత అని ఎవరైనా పైసలతో సహా చెప్తే నమ్మకండి.

బెనిన్ పేరు వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. అంత చిన్న దేశం అన్ని ఓడల ఉప్పుడు బియ్యం ఏం చేసుకుంటుందని కొత్తగా చేరిన పిల్లలు మా ఆఫీసులో తప్పకుండా అడిగేవారు. చాలావరకు సరిహద్దు దాటి నైజీరియా వెళ్తుంది. నైజీరియా తన రైతుల కోసమని బయటి బియ్యాన్ని అడ్డుకుంటుంది, 2019 ఆగస్టులో భూసరిహద్దులే మూసేసింది, అయినా బియ్యం దారి వెతుక్కుంది. అక్కడ దిగుమతి ఆపి రైతుని కాపాడతామంటారు, ఇక్కడ ఎగుమతి ఆపి తినేవాడిని కాపాడతామంటారు, మధ్యలో బతికేది సరిహద్దు దాటించేవాడు.

నిషేధం వల్ల అనుకున్నదైనా జరిగిందా అంటే, దేశంలో బియ్యం ధర తగ్గలేదు. 2024 మొదట్లో కూడా బియ్యం ద్రవ్యోల్బణం రెండంకెల్లోనే ఉంది, అందుకే ఫిబ్రవరిలో కిలో 29 రూపాయలకి భారత్ రైస్ అని అమ్మకం మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎఫ్‌సీఐ గోడౌన్లలో మాత్రం బఫర్ లెక్కకి మించి బియ్యం ఉంది. కారణం తేలికే. ఎఫ్‌సీఐ దగ్గర ఉన్నది రేషన్ రకం, మధ్యతరగతి కొనేది సన్న రకం, ఒకటి మూలుగుతుంటే ఇంకొకటి చాలదు. ఆ మధ్యలో థాయిలాండ్, వియత్నాం మంచి రేటుకి అమ్ముకున్నాయి, పాకిస్తాన్ ఎగుమతులు రికార్డుకి వెళ్లాయి. మన దగ్గర ఎప్పుడూ కొనే దేశాలు సింగపూర్, మారిషస్, భూటాన్ లాంటివి ప్రభుత్వం ద్వారా కోటాలు అడుక్కున్నాయి. అలా ఇచ్చిన సరుకు ఎన్‌సీఈఎల్ అనే కొత్త సహకార సంస్థ ద్వారా వెళ్లింది, మామూలు ఎగుమతిదారు చూస్తూ కూర్చున్నాడు.

ఇంకొకటి మన సన్నాలవాళ్లకి బాగా మండిన విషయం. బాస్మతిని ఆపలేదు. టన్నుకి 1,200 డాలర్ల కనీస ధర పెట్టారు, పంజాబ్, హర్యానాల్లో గొడవ అయ్యేసరికి అక్టోబర్‌లోనే 950కి దించారు. మన సోనా మసూరి కూడా ఖరీదైన బియ్యమే, పేదవాడి పళ్లెంలోది కాదు, అయినా అప్పట్లో కస్టమ్స్ పుస్తకంలో బాస్మతికి వేరే కోడ్ ఉండేది, మిగతా తెల్ల బియ్యమంతా 10063090 అనే ఒకే గంపలో ఉండేది. ఆఫ్రికా వెళ్లే 25 శాతం నూకల బియ్యం, డాలస్ వెళ్లే సోనా మసూరి, రెండిటికీ ఒకటే కోడ్, ఒకటే నిషేధం. యూపీ కాలానమక్ బియ్యానికి 2024 ఏప్రిల్‌లో వెయ్యి టన్నుల దాకా పంపుకోవచ్చని సడలింపు ఇచ్చారు. మన రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఎంతమంది ఈ కోడ్ గురించి మాట్లాడారో మీరే వెతకండి. పంజాబ్ రైతుకి ఢిల్లీ దగ్గర, మనకి దూరం, కానీ దూరం ఒక్కటే కారణం కాదు. మన దగ్గర బియ్యం రాజకీయం అంతా మద్దతు ధర, బోనస్, కొనుగోలు సెంటర్ చుట్టూ తిరుగుతుంది, ఎగుమతి అంటే "మిల్లర్ల గొడవ" అని వదిలేస్తారు.

తర్వాత తీసేయడం కూడా అంతే హఠాత్తుగా జరిగింది. 2024 సెప్టెంబర్ 28న 490 డాలర్ల కనీస ధరతో వదిలారు, అక్టోబర్‌లో ఆ కనీస ధరా పోయింది, ఉప్పుడు బియ్యం సుంకమూ పోయింది, 2025 మార్చిలో నూకలు కూడా వదిలారు. అంత సరుకు ఒక్కసారి మార్కెట్‌లోకి వచ్చేసరికి ప్రపంచ ధర జారింది, 2025లో చాలా ఏళ్ల కనిష్ఠానికి పడింది. ధర ఉన్నప్పుడు తలుపు మూసి ఉంది, తలుపు తీసేసరికి ధర లేదు. మీ నాన్నగారి వడ్లు కదలకపోవడానికి మిగతా సగం కారణం ఇదే. ఎఫ్‌సీఐ దగ్గర మాత్రం ఎంత పేరుకుందంటే, 2023 జులైలో ఇథనాల్ కంపెనీలకి బియ్యం ఇవ్వం అని ఆపేసినవాళ్లే, 2025లో క్వింటా 2,250 రూపాయలకి లక్షల టన్నులు ఇచ్చారు. వడ్ల మద్దతు ధర 2,300 ఉన్న ఏడాదిలో బియ్యం 2,250. నేను తప్పు టైప్ చేయలేదు.

ఇప్పుడు యాసంగి (రబీ) సంగతి, ఎందుకంటే మీ నాన్నగారికి నిజంగా తగిలే రాజకీయం ఇది. మార్చి, ఏప్రిల్ ఎండకి గింజ లోపల చీలుతుంది, కంటికి కనపడదు. ఆ వడ్లని పచ్చిగా, అంటే ఉడకబెట్టకుండా ఆడితే మిల్లులో సగం నూకగా రాలుతుంది. ఎఫ్‌సీఐకి పచ్చి బియ్యం ఇవ్వాలంటే క్వింటాకి 67 కిలోలు ఇవ్వాలి, అప్పటి రూల్ ప్రకారం అందులో నూక 25 శాతం దాటకూడదు. అదే వడ్లని వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడితే చీలిక అతుక్కుంటుంది, గింజ నిలబడుతుంది. అందుకే యాసంగి వడ్లు ఉప్పుడు బియ్యానికే పనికొస్తాయి. ఇక ఉప్పుడు బియ్యం మాకొద్దు, తినే రాష్ట్రాలే సొంతంగా సేకరించుకుంటున్నాయి అని కేంద్రం అంది. ఇస్తే తీసుకోవాల్సిందే అని రాష్ట్రం అంది. 2022 ఏప్రిల్ 11న కేసీఆర్ ఢిల్లీలో ధర్నా చేసింది దీని కోసమే. ఆ గొడవలో ఎవరిది ఒప్పు అని నన్నడిగితే, వడ్లు కల్లాల్లో ఉండగా పంచాయతీ పెట్టుకున్నారు కాబట్టి ఇద్దరిదీ తప్పే. ఆ నెలల్లో సెంటర్లు తెరవకముందే తెగనమ్ముకున్న రైతు నష్టం ఎవరి లెక్కలోనూ లేదు.

తరుగు గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, దాని మీద నాకు ఇంకా చెప్పాలని ఉంది. 40 కిలోల బస్తాకి 41, 42 కిలోలు కాంటా పెట్టడం మీ జిల్లాల్లో కొత్తేం కాదు. తేమ 17 శాతం లోపు ఉందని సెంటర్‌లో మీటర్ పెట్టి చూసి రాసిన తర్వాత కూడా, లారీ మిల్లుకి వెళ్లాక తాలు ఉందనో, రంగు మారిందనో లారీ నిలబెడతారు. రైతు ఫోన్లో "సరే, రెండు కిలోలు తీసుకోండి" అంటేనే లారీ దించుకుంటారు. రెండు కిలోలు అంటే ఐదు శాతం. 2,203లో ఐదు శాతం 110 రూపాయలు. ఎగుమతి సుంకం గురించి టీవీల్లో గంటలు గంటలు మాట్లాడతారు, ఈ 110 గురించి ఎవరూ మాట్లాడరు. మిల్లర్ వైపు నుంచి చెప్పాలంటే, 67 కిలోలు కచ్చితంగా ఇవ్వాలి, వడ్లలో చెత్త ఉంటే ఆ లోటు నా జేబు నుంచా అంటాడు. అందులో కొంత నిజం ఉంది. కానీ శుభ్రంగా తూర్పారబట్టి తెచ్చిన రైతు దగ్గర కూడా అదే రెండు కిలోలు తీసుకుంటే దానికి సమర్థన లేదు.

ప్రపంచ వాణిజ్య సంస్థ గురించి కూడా అడిగారు, "వాళ్లు మన మద్దతు ధరని ఆపగలరా" అని. వెంటనే ఆపలేరు. రూల్ ప్రకారం ఒక పంటకి ఇచ్చే మద్దతు ఆ పంట విలువలో 10 శాతం దాటకూడదు. దాన్ని లెక్కకట్టే పద్ధతిలోనే తిరకాసు ఉంది, ఇప్పటి మద్దతు ధరని 1986-88 నాటి ప్రపంచ ధరతో పోలుస్తారు. 2018-19లో మన బియ్యం పంట విలువ 4,367 కోట్ల డాలర్లు, మద్దతు 500 కోట్ల డాలర్లు అని మనమే చెప్పుకున్నాం, అంటే పది దాటింది. అయినా 2013 బాలి సమావేశంలో ఒప్పుకున్న శాంతి నిబంధన ఉంది కాబట్టి కేసు వేయలేరు. దానికి ఒక షరతు ఉంది: ప్రజలకి పంచడానికి అలా సేకరించిన ధాన్యం విదేశీ మార్కెట్‌లోకి వెళ్లి వ్యాపారాన్ని పాడుచేయకూడదు. 2024లో అబుధాబీ సమావేశంలో థాయిలాండ్ రాయబారి, భారత్ పేదల పేరుతో కొన్న బియ్యాన్నే ఎగుమతి చేస్తోందన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. మనవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, థాయిలాండ్ ఆవిణ్ణి మార్చింది కూడా.

అధికారికంగా మనదే కరెక్ట్. ఎఫ్‌సీఐ ఓడ ఎక్కించి పంపడం లేదు. కానీ అదే ఏడాది నవంబర్‌లో కాకినాడలో ఏం జరిగిందో అందరం చూశాం. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సముద్రంలోకి వెళ్లి స్టెల్లా ఎల్ అనే ఓడ దగ్గర "సీజ్ ద షిప్" అన్నది మీమ్ అయిపోయింది, దాంతో అసలు విషయం పక్కకి పోయింది. ఆ ఓడ పశ్చిమ ఆఫ్రికా వెళ్లాల్సింది, అందులో రేషన్ బియ్యం దొరికింది, అది దింపించాక కొన్ని వారాలకి ఓడని వదిలారు. రేషన్ బియ్యం ఓడ దాకా ఎలా వస్తుందనేది పోర్టు చుట్టుపక్కల చిన్నపిల్లాడికి కూడా తెలుసు. కార్డుదారుడికి ఆ బియ్యం నచ్చదు, కిలో పది రూపాయలకి అటుఇటుగా వీధిలోకి వచ్చే బండివాడికి ఇచ్చేస్తాడు. ప్రభుత్వానికి ఆ కిలో మీద పడిన ఖర్చు నలభై దగ్గర. చిన్న మిల్లులో మళ్లీ పాలిష్ కొట్టి, సంచి మార్చి, మామూలు బియ్యంలో కలిపేస్తే ఇక అది ఎగుమతి సరుకే. 6ఏ కేసు (నిత్యావసర సరుకుల చట్టం కింద) పెడతారు, జరిమానా కడతారు, మళ్లీ మొదలు.

ఇక్కడే ఒక సరదా అయిన విషయం. రేషన్‌లో ఇచ్చిన, పోషకాలు కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యం గుర్తుందా? వంద గింజలకి ఒకటి చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి అచ్చుపోసిన గింజ వేస్తారు. పళ్లెంలో బియ్యం పోసి వేలితో జరిపితే తేడా తెలుస్తుంది, కొంచెం రంగు మాసినట్టు, పారదర్శకత లేకుండా ఉంటుంది. ఊళ్లలో దాన్నే "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేశారు. అది ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండితోనే చేస్తారు. రక్తహీనత తగ్గించడానికి పెట్టిన ఆ గింజ, తర్వాత ఓడల్లో శాంపిల్ తీసినప్పుడు ఇది రేషన్ సరుకు అని పట్టించే గుర్తుల్లో ఒకటి అయింది. మామూలు ప్రైవేటు మిల్లు ఎగుమతి బియ్యంలో ఆ గింజ ఉండటానికి కారణమే లేదు.

నా అభిప్రాయం అడిగితే, దీనికి మందు ఓడ ఎక్కడం కాదు, జనం తినే బియ్యం ఇవ్వడం. తెలంగాణలో 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన సన్న బియ్యం పంపిణీ ఆ దారిలోదే. ఖర్చు ఎక్కువే. కానీ వండుకుని తినే బియ్యాన్ని పది రూపాయలకి ఎవడూ అమ్ముకోడు. ఇంట్లో తినని బియ్యం 1983లో రెండు రూపాయల కిలో బియ్యం రోజుల్లో కూడా బయటికే పోయేది.

పురుగుమందుల అవశేషాల గురించి అడిగారు కాబట్టి పొట్టిగా. అగ్గి తెగులుకి మనవాళ్లు కొట్టే ట్రైసైక్లజోల్ ఉంది కదా, దాని పరిమితిని యూరప్ 2018 నుంచి కిలోకి 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించింది. వందో వంతు. బాస్మతివాళ్లు అల్లాడిపోయారు, మనకి అంతగా తగల్లేదు, ఎందుకంటే మన సరుకు యూరప్ వెళ్లేది తక్కువ. ఆఫ్రికా కొనేవాడు చూసేది నూక శాతం, తేమ, రంగు, పురుగు. అయినా మీ నాన్నగారిని పొట్ట దశ దాటాక ఆ మందు కొట్టొద్దని చెప్పండి, ఎగుమతి కోసం కాదు, ఆ పంట ముందు తినేది మీ ఇంట్లోవాళ్లే.

సన్నాలు వేయాలా అన్నదానికి వస్తే, వానాకాలంలో వేయమనే చెప్తాను, యాసంగిలో మాత్రం ఆలోచించమంటాను, ఎండకి నూక ఎక్కువై మిల్లర్ బేరం ఆడతాడు. 2024 వానాకాలంలో సన్నాలకి క్వింటాకి 500 బోనస్ మొదలుపెట్టారు, కానీ దాన్ని మద్దతు ధరతో కలిపి అదే రోజు చేతికొచ్చే డబ్బుగా లెక్క వేసుకోవద్దు. సెంటర్‌లో గింజని కాలిపర్‌తో కొలుస్తారు, పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, కాబట్టి పక్కూరివాడు ఇచ్చిన పేరు తెలియని విత్తనం వద్దు. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అయితే బీపీటీ కంటే ముందే కోతకి వస్తుంది, నీళ్లు తక్కువైనచోట నయం. బయట వ్యాపారి మద్దతు ధర, బోనస్ కలిపినదానికంటే తక్కువ అడిగితే సెంటరే మేలు. ఎక్కువ అడిగితే పచ్చి వడ్లకి ఎంత, ఆరినవాటికి ఎంత అని విడిగా చెప్పించుకుని, ఆ రోజే డబ్బులు ఇచ్చేవాడికి అమ్మమనండి. ఎగుమతి మీద వార్త ఏదైనా వస్తే రేటు పడటానికి ఒక్క పూట చాలు, లేవడానికి నెలలు పడుతుంది. అందుకని మంచి రేటు అడిగినప్పుడు సగం సరుకైనా వదిలేయాలి, అంతా పెట్టుకుని కూర్చోవద్దు.

పొలం బోరు కిందా, కాలువ కిందా అన్నది మీరు రాయలేదు. కాలువ అయితే నీళ్లు ఏ నెల దాకా వదులుతారు, కోత మిషన్ ఆ ఊరికి ఎప్పుడొస్తుంది, ఈ రెండూ కనుక్కుని రాయండి, ఏ రకం అన్నది దాన్నిబట్టి చెప్తాను.